పదకొండు మీటర్లు, ఒక వేలు

కాటన్‌పేటలో గోనెసంచుల అంగళ్ల వెనక ఉన్న అడ్డవీధిలో చక్కెర జబ్బు మూడు నెలల పాటు పూర్తిగా నయమైపోయిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ ఘనకార్యంలో మందులకు గానీ, నడకకు గానీ, నోరు కట్టుకోవడానికి గానీ ఏ పాత్రా లేదు. అంతా చౌడమ్మ తెలివే.

చౌడమ్మకు అరవై ఆరేళ్లు. భర్త చిన్నప్ప ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో చదువు ఆయన శాఖ, పొయ్యి ఆవిడ శాఖ. ఆయన పోయాక కరెంటు బిల్లేదో పెళ్లిపత్రికేదో తెలుసుకోవడానికి రోజూ పక్కింటివాళ్లను పిలవలేక, అరవై రెండో ఏట పలక పట్టింది. రెండేళ్లకు చదవడం వచ్చింది. వచ్చాక చూస్తే, అంత కష్టపడి చదవదగినదేదీ ఆవిడకు కనిపించలేదు.

అప్పుడు మీటరు వచ్చింది.

ఊరి చివర హూడిలోని ఒక కంపెనీ తన సాఫ్ట్‌వేరును పరీక్షించుకోవడానికి ఆ వీధి మధుమేహ మహిళా సంఘంలోని పదకొండు మందికీ అరచేతిలో ఇమిడే షుగరు మీటర్లు పంచింది. మహిళా సంఘానికి అధ్యక్షుడు పద్మనాభం. వేలు పొడిచి చుక్క రక్తం అంటిస్తే అంకె వస్తుంది. అంతవరకు పాత మీటర్లూ చేసేవే. దీని గొప్పతనమంతా అంకె కింద వచ్చే తెలుగు వాక్యంలో ఉంది. అంకె బాగుంటే, "శభాష్ చౌడమ్మగారూ! మిమ్మల్ని చూసి గర్వపడుతున్నాం." బాగోకపోతే, "చౌడమ్మగారూ, నిన్న ఏం తిన్నారో ఒకసారి ఆలోచించుకోండి."

మొదటిరోజు రెండొందల అరవై ఎనిమిది వచ్చింది. కింద రెండో వాక్యం. నలభై నాలుగేళ్ల కాపురంలో చిన్నప్ప "ఉప్పెక్కువైంది" అనేవాడే గానీ ఆలోచించుకోమని ఎన్నడూ అనలేదు. ఈ వయసులో అక్షరాలు నేర్చింది తిట్లు చదువుకోవడానికా? చౌడమ్మ మీటరు పట్టుకుని మెట్లు దిగింది. కింది గదిలో రవికలు కుట్టే సమీనా దారప్పోగులా సన్నగా ఉంటుంది. జబ్బంటే ఎరగదు.

"నీ వేలు ఇట్లియ్యి సమీనా."

"దేనికి చౌడక్కా?"

"ఊరికే. మిషను సరిగ్గా ఉండాదో లేదో సూస్తాను."

తొంభై నాలుగు. శభాష్ చౌడమ్మగారూ! ఆ వాక్యాన్ని కూడబలుక్కుని మూడుసార్లు చదివింది. సిగ్గుపడాల్సిన చోట కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఆ శభాష్ నా వేలికి గదక్కా!" అని సమీనా నవ్వింది.

"వేలు నీదైతే ఏమి, పేరు నాది రాసుండాది సూడు."

పది రోజుల్లో రహస్యం సంఘమంతా పాకింది. పొద్దున్నే ఏడున్నరకు పదకొండు మందీ సమీనా గుమ్మం ముందు హాజరు. ఒక్క పోటుకు మూడు మీటర్లు. సోమవారం కుడి చూపుడువేలు, మంగళవారం ఎడమది. "పొద్దస్తమానం సూదితో పొడుచుకునేదాన్నే, నాకేం కొత్త?" అనేది సమీనా. సంఘం కృతఘ్నురాలు కాదు. ఒకరు ఒబ్బట్లు, ఒకరు మైసూరుపాకు, ఒకరు కజ్జికాయలు తెచ్చేవారు. వండిన తృప్తి వారిది, తినే భారం సమీనాది. వండేటప్పుడు రుచి చూడడాన్ని తినడంగా పరిగణించరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పదకొండు మందికీ ఒకే పూట ఒకే అంకె వస్తే ఏ పిచ్చి యంత్రానికైనా అనుమానం రావాలి. ఇది తెలివైన యంత్రం గనక రాలేదు. దీన్ని సామూహిక క్రమశిక్షణగా గుర్తించింది. ఆ అంకెలు చూసి, సంఘానికి వైద్యం చేసే డాక్టరమ్మ చౌడమ్మ మాత్రను సగానికి తగ్గించింది. చౌడమ్మ దాన్ని ప్రమోషన్‌గా స్వీకరించింది. కాలి బొటనవేలి కింద పుండొకటి నెలరోజులుగా మానడం లేదు. దానికి మీటరు లేదు గనక పట్టించుకోలేదు.

వచ్చే ఆదివారం చౌడమ్మకు 'ఆదర్శ రోగి' బిరుదు, శాలువా అని కంపెనీ ప్రకటించింది. గురువారం పొద్దున రెండొందల ముప్పై ఒకటి వచ్చింది. సమీనా చేతిని సబ్బుతో కడిగి మళ్లీ చూశారు. రెండొందల ముప్పై ఎనిమిది. పదకొండు మీటర్లూ ఒక్క గొంతుతో, నిన్న ఏం తిన్నారో ఆలోచించుకోమన్నాయి. మీటర్లు చెడిపోయాయని తేల్చి అందరూ వెళ్లిపోయారు.

చౌడమ్మ మాత్రం ఆ వాక్యం కింద 'ఇంకా చదవండి' అని ఉన్నదాన్ని మొదటిసారి నొక్కింది. పొగడ్త తరవాత చదవాల్సిన అవసరం ఇన్నాళ్లూ కలగలేదు మరి. అతిగా దాహం. మసక చూపు. కారణం లేకుండా చిక్కిపోవడం. తలెత్తి చూసింది. సమీనా రెండో చెంబు నీళ్లు తాగుతోంది.

"ఈ దారం ఎక్కిచ్చక్కా. ఈ మధ్య సూది బెజ్జాలు మరీ చిన్నగా చేస్తా ఉండారు."

మూడు రోజుల్లో ఏమీ మునిగిపోదని చౌడమ్మ తనకు తాను నచ్చజెప్పుకుంది. శుక్రవారం కూడా నచ్చజెప్పుకుంది. శనివారం సమీనా ఒక రవికకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టింది. చౌడమ్మ ఇక ఆగలేక చెప్పేసింది.

"నీకు షుగరు వచ్చుండాది సమీనా. ఆస్పత్రికి పోదాం పద."

"నాకా!" సమీనా పగలబడి నవ్వింది. "మిషన్లో పేరు నీది గదా రాసుండాది. షుగరు నీకే."

ఆదివారం సభలో పద్మనాభం మహిళల క్రమశిక్షణ గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. కంపెనీ తరఫున చేతన్ అనే యువకుడు, "ఇది హిస్టారిక్ డేటా అండీ! వరల్డ్ మొత్తం కాటన్‌పేట వైపు చూస్తుంది" అన్నాడు. చౌడమ్మ ముందు శాలువా కప్పించుకుంది, ఫొటో తీయించుకుంది, ఆ తరవాతే నోరు విప్పింది. అంతకన్నా నిజాయితీ ఆవిడ దగ్గర లేదు.

"ఆ అంకెలు నావి కాదప్పా. అదో, ఆ వెనక కూసోనుండే సమీనావి. డాక్టరమ్మా, ముందు దాన్ని సూడు. తరవాత నా కాలు సూడు."

మిగతా పదిమందీ పైకప్పు చూశారు. చేతన్ ఫొటో చెరిపేశాడు. డాక్టరమ్మ అక్కడికక్కడే సమీనా వేలు పొడిచి తన మీటరులో చూసింది. రెండొందల నలభై. ఈసారి అంకె కింద ఎవరి పేరూ లేదు. సమీనా నవ్వలేదు. చౌడమ్మ శాలువా తీసి ఆమెకు కప్పబోతే, "ఇది వద్దక్కా. తోడొస్తే చాలు" అంది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆస్పత్రికి పోతున్నారు. చౌడమ్మ మాత్ర మళ్లీ పూర్తి మాత్ర అయింది. సమీనాకూ ఒక మీటరిచ్చారు. ఆమెకు చదవడం రాదు గనక చౌడమ్మే చదివి పెడుతుంది, తిట్లతో సహా.

ఇదిలా ఉండగా, సంఘంలోని మిగతా పదిమందికీ ఆరోగ్యవంతమైన వేలు ఒకటి తక్షణమే కావలెను. వీధంతా వెతికారు, దొరకలేదు. చదువుతున్న మీకు ఏ జబ్బూ లేదని గట్టి నమ్మకమైతే, పొద్దున ఏడున్నరకు దయచేయగలరు. కజ్జికాయలు పెడతారు. సమీనాకూ అంత నమ్మకమే ఉండేది.