సారోళ్ళ వల పడిన చోటే సముద్రం

హలో, వినపడతా ఉందా? వెనకాల గాలి హోరు, ఏమనుకోబాకండి. అందరికీ నమస్కారం.

ముందుగా యావన్మందీ తెలుసుకోవలసింది ఏమనగా, ఆఫీసు లెక్కలో సముద్రం అనేది సారోళ్ళ వల పడిన మేరకే ఉంటుంది. మిగతాదంతా ఉత్త నీళ్ళు.

తోటపల్లి గూడూరు పక్క పాలెంలో చెంచయ్య ముప్పై ఏళ్ళుగా బోటు నడపతా ఉండాడు. పోయిన నెల సముద్రపు నలకల అంచనా విభాగం నుంచి విజయభాస్కర్ సారు దిగినాడు. నీళ్ళలో ప్లాస్టిక్ నలకలు ఎన్ని ఉండాయో వల వేసి లెక్కపెట్టి, చేపలకీ తినేవాళ్ళకీ ఎంత ప్రమాదమో రంగు ఇస్తారంట. పచ్చ అయితే మంచిది. ఎరుపు అయితే ఆ పాలెం చేపలు జనం ముట్టరాదు. వల ఎక్కడ వెయ్యాలనేదానికీ పద్నాలుగో నియమం ఉండాది: స్థానిక అనుభవజ్ఞుడు చూపిన చోట. (బోటెక్కితే సారుకి కళ్ళు తిరుగుతాయని నియమంలో రాయలేదు.)

చెంచయ్య పరువు గల మనిషి. బోటెక్కిన చుట్టాన్ని ఖాళీ వలతో ఒడ్డుకి తెచ్చింది లేదు. సారుకి కావలసింది నలకలు గదా, రెండు నీటి ఒరవళ్ళు కలిసి చెత్తంతా నురగతో చారగా తేలే చోటికి నేరుగా తీసకపోయినాడు. వల నిండింది. ఆరువందల పన్నెండు నలకలు. సారు చేయి కలిపినాడు. చెంచయ్య మీసం దువ్వుకున్నాడు.

వారానికి పాలేనికి ఎర్ర బోర్డు దిగింది. ఉత్తరం పక్క పాలెంలో బోటు నడిపే సరంగు బద్ధకస్తుడు, దగ్గర్లోనే వల వేయించి నాలుగు నలకలతో సరిపెట్టినాడు. వాళ్ళకి పచ్చ బోర్డు. సముద్రం ఇద్దరికీ ఒకటే గదా అని పాలెంపెద్దలు అర్జీ పెడితే, ఆధారాలు జతచేయలేదని జవాబొచ్చింది.

దెబ్బ తగిలింది మాత్రం చెంచయ్య భార్య మహాలక్ష్మికి. కోవూరులో ఆమె నెత్తళ్ళ చేపల గంప అమ్ముడైతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. పది రోజులుగా గంప దగ్గరకి ఈగలు తప్ప ఎవురూ రాలేదు.

"చెత్త ఉండే చోటు చూపించమని నీకెవురు చెప్పినారు?"

"వాళ్ళొచ్చిందే దానికి గదమే. లేని చోటికి తీసకపోతే నా పేరేంగావాల?"

"ఏమీ గాలా. బోర్డు మీద ఉండాది, అనుభవజ్ఞుడు చెంచయ్య అని."

చెంచయ్య ఆఫీసు చుట్టూ తిరిగి, సారుని మళ్ళీ బోటెక్కించినాడు. ఈసారి నలక కనపడని చోటికి. లెక్క సున్నా. సన్నవి వల కంట్లోంచి జారిపోతా ఉండాయి సార్, అని చెంచయ్యే నిజాయితీగా చూపించినాడు. జారిపోయినవి వలలో లేవు గనక సముద్రంలోనూ లేవని సారు రాసుకున్నాడు. పచ్చ బోర్డు వచ్చింది. మూడు వారాల్లో ప్రమాదాన్ని నూటికి నూరు పాళ్ళు తగ్గించినందుకు పాలేనికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఇప్పుడు చెంచయ్య ఆ విభాగానికి శాశ్వత అనుభవజ్ఞుడు. ఇంజను తిప్పకముందే అడుగుతాడు, ఈపొద్దు ఎక్కువ కావాలా సార్, తక్కువ కావాలా అని. శుభ్రత నిధులకి రాసే రోజు ఎక్కువ. పెద్దోళ్ళు తనిఖీకి వచ్చే రోజు తక్కువ.

మొన్న కోవూరులో టీచరు రేవతి గారు నెత్తళ్ళు చేతిలోకి తీసుకుని, ఒక పక్క వాసన చూస్తానే అడిగింది: "నిజం చెప్పు మహాలక్ష్మీ, మీ సముద్రంలో ప్లాస్టిక్ ఉండాదా, లేదా?"

మహాలక్ష్మి తక్కెడ ఎత్తింది.

"దేనికక్కా? నిధులకా, కూరకా?"

సరే, ఈ కథ మీకు తెలిసిన నలుగురికీ పంపండి. ఎంతమందికి చేరిందో లెక్క కావాలంటే, ఎంత రావాలో ముందే చెప్పండి.