ఎటూ పోనోళ్ల బస్సు

మనిషి ఎక్కడ ఇల్లు కట్టుకుంటడో, ఎంత తిరుగుతడో రెండూ అతని ఇష్టమేనని రవాణా మంత్రిగారు జగిత్యాల సభల ప్రకటించిండు. తిరుగుడంటే మోజున్నోడు బస్టాండు పక్కన కట్టుకుంటడట. మోజు లేనోడు గుట్ట కింద కట్టుకుంటడట. ఇష్టం లేనోళ్ల ఊరికి బస్సు వేసుడంటే వాళ్ల స్వేచ్ఛ మీద దాడి చేసుడేనట. ఇంత లోతైన సంగతి అప్పటిదాక ఎవ్వలకూ తట్టలేదు. కాబట్టి ముందుగాల సర్వే, బస్సు సంగతి తర్వాత.

గుట్టకిందిపల్లెల లీల ఈ ముచ్చట పేపర్ల కూడవలుక్కొని చదివింది. ఐదో తరగతిల బడి మాన్పించిండ్రు గని చదువుడు మాత్రం ఆమె మానలేదు. 'బస్సు' అన్న కాడ వేలు వెట్టి రెండుమాట్ల చదివింది. ఆమె బిడ్డకు నాలుగు నెల్లు. పుట్టుకతోనే ఎడమ పాదం లోపటికి తిరిగున్నది. జగిత్యాల డాక్టరు సిమెంటు పట్టీ వేసి, "బుధవారం బుధవారం మార్చాలె. ఎనిమిది వారాలు. తప్పితే కాలు మళ్ల వంకరకే తిరుగుతది" అన్నడు. మూడు పట్టీలయినయి. ఊరి నుంచి సడక్ మీదికి రెండున్నర కోసులు. పెనిమిటి మల్లయ్య సిరిసిల్లల సాంచల మీద బట్ట నేస్తడు, నెలకోమాటు వస్తడు. పిల్లను చంకనేసుకొని లీలే నడుస్తది.

సర్వే ఆఫీసర్ చంద్రమౌళిగారు మాట తప్పని మనిషి, చెప్పిన దినానే వచ్చిండు. సొంత జీబుల డీజిల్ లేకుంటే పోలీసు జీబు అడుక్కొని వచ్చిండు. ఊరు ఆ జీబును చూసింది. సర్వే సగం అక్కడ్నే అయిపోయింది.

ఎందుకంటే ఆ యేండ్లల్ల పగటీలి పోలీసులు, రాత్రీలి అడివిలున్న అన్నలు ఊర్లెకొచ్చి అడిగేది ఒక్కటే: ఎటు వోయినవ్? దానికి ఊరంత కలిసి ఒక్కటే జవాబు ఖాయం చేసుకున్నది.

"ఎటెటు పోతవ్ పెద్దమనిషీ?" అని చంద్రమౌళిగారు భీమయ్యను అడిగిండు.

"ఎటూ పోను సారు."

"అంగడికి?"

"పోను."

"మరి ఉప్పెట్ల?"

"చప్పిడి తింట సారు."

"సరే, ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నవ్?"

"నేనెంచుకోలె సారు. మా అవ్వ ఈడనే కన్నది."

చంద్రమౌళిగారు 'నివాస ఎంపిక: కుటుంబ పెద్దల సలహా మేరకు' అని రాసుకున్నడు.

తర్వాత ఓదెలు. బస్సు టికెటును పుల్లలెక్క చుట్టి చెవుల తిప్పుకుంట నిలవడ్డడు.

"ఎటూ పోను సారు."

"మరి ఆ టికెటేంది?"

"గాలికొచ్చింది సారు."

లీల వంతు వచ్చింది. అత్త లక్ష్మవ్వ ఎనుక నుంచి జబ్బ గిల్లింది. "అందరేం జెప్తే గదే జెప్పు పిల్లా!"

లీల పిల్ల కాలును చూసింది.

"బుధవారం బుధవారం జగిత్యాల పోత సారు. దవాఖానకు."

ఊరంత జీబు దిక్కు మళ్లింది. చంద్రమౌళిగారు మాత్రం జాలిగ చూసిండు.

"ఒక్కదానికి బస్సెట్ల వేస్తరమ్మా? నీకు ప్రయాణాల అలవాటున్నది, ఇల్లేమో తప్పు జాగల ఎంచుకున్నవ్. బస్టాండు పక్కకు మారు."

"ఇల్లెవలిస్తరు సారు?"

"అది గృహనిర్మాణ శాఖ. నేను రవాణా."

మూడు దినాలకు పేపర్ల వచ్చింది. గుట్టకిందిపల్లెల డెబ్బైరెండు మంది పెద్దలుంటే డెబ్బైఒక్క మందికి ప్రయాణమే గిట్టదు. మంత్రిగారు ఊరిని 'డీజిల్ పొదుపుల ఆదర్శ గ్రామం' అని మెచ్చుకున్నడు. బస్సు రద్దు. అసలు వేయనే లేదు గని, రద్దయితే చేసిండ్రు.

నాలుగో పట్టీకి లీల నడిచే పోయింది. ఐదో బుధవారం సడక్ మీద పొద్దుగూకేదాక కూసున్నది. ఆ దినం బంద్. ఒక్క బస్సు తిరుగలె. పిల్లను ఎత్తుకొని తిరిగొచ్చింది. పట్టీ కింద పాదం ఎటు తిరుగుతున్నదో కనవడది. దోవపొంటి పట్టీ మీద చెయ్యి తీయలేదు.

అదే పేపరు ఎస్సై గారు గూడ చదివిండు. ఆ సర్వేను మంత్రిగారి కన్నా శ్రద్ధగ చదివినోడు ఆయనొక్కడే. సర్పంచి రాజలింగాన్ని పిలిపించిండు.

"డెబ్బైఒక్క మంది ఎటూ పోరట?"

"అవు సారు. బుద్ధిమంతులు."

"ఎటెటో పోయొచ్చినోడే ఎటూ పోలె అంటడు పటేలా. డెబ్బైఒక్క మంది బుధవారం బుధవారం జగిత్యాల వచ్చి నా ముంగట సంతకం వెట్టాలె."

"ఎట్లొస్తరు సారు? బస్సు లేదాయె."

ఎస్సై గారు బస్సు డిపోకు ఓ కాయిదం రాసిండు. ఏడేండ్ల అర్జీలకు రాని బస్సు ఏడు దినాలల్ల వచ్చింది.

బుధవారం పొద్దుగాల బస్సుకు మామిడాకులు కట్టిండ్రు. మంత్రిగారే కొబ్బరికాయ కొట్టిండు. "చూసిండ్రా! ప్రజలల్ల ప్రయాణాసక్తి పుట్టింది, సర్కారు బస్సు పంపింది!" చప్పట్లు కొట్టెటందుకు బయట ఎవ్వలూ లేరు, అందరు బస్సులనే ఉన్నరు. భీమయ్య కిటికీల నుంచి కొట్టిండు.

లీల పిల్లను ఎత్తుకొని ఉరికొచ్చింది. కండక్టరు లిస్టు చూసి చెయ్యడ్డం వెట్టిండు.

"నీ పేరు లేదక్కా. ఇది సంతకాల స్పెషలు."

"తమ్మీ, నేను ఉన్నదున్నట్టు చెప్పిన. పోత అని చెప్పిన."

"అందుకే లేదు."

ఈ గడబిడకు మంత్రిగారు మళ్లి చూసిండు. ఆయన పక్కన్నే ఎస్సై. ఫొటోగ్రాఫరు కెమెరా లేపిండు. మంత్రిగారు పిల్ల బుగ్గ పుణికి, "ఎటు పోతున్నవ్ తల్లీ?" అని ప్రేమగ అడిగిండు.

కిటికీలల్ల నుంచి తలకాయలన్ని బయటికొచ్చినయి. లీల కొంగు తీసి పిల్ల కాలు మీద కప్పింది.

"ఎటూ పోను సారు."

ఎస్సై గారు కండక్టరు కాడి లిస్టు తీసుకొని జేబుల నుంచి పెన్ను తీసిండు.

"పేరు?"

"లీల."

"ఎక్కు."