దొంగ గురువు శాలువా సంగ్రామము

ఆకర్ణింపుడు, ఓ శ్రోతలారా! చెవినొప్పి గలవారు సైతము ఆకర్ణింపుడు! పోచంపాడు వద్ద గోదావరి ఆనకట్టకు పునాదిరాయి పడిన మరుసటి ఫాల్గుణమున, నవనాథుల గుట్టలు కాపుగాయుచుండగా, ఎడ్లబండ్ల ఇరుసుల కీచుధ్వనులే మంగళవాద్యములుగా, హరిద్రాధూళిధూసరిత దిగంతరాళమైన ఆర్మూరు పసుపు అంగడిలో జరిగిన మహాసంగ్రామ మిది. ఇందు రక్తము పారలేదు. మూర్ఖత్వము మాత్రము కాలువలు కట్టినది.

ఆ అంగడిలో ఎండిన పసుపు కొమ్ములకు మెరుగు పట్టించు ఇనుప డ్రమ్ము ఒకటి కలదు. దానికి ఇరుప్రక్కల రెండు పిడులు. ఒక పిడి పట్టువాడు ఆజానుబాహుడు, కొమ్ముఘర్షణచక్రవర్తి, హన్మాండ్లు. రెండవది పట్టువాడు వజ్రముష్టి, బీడీధూమకేతనుడు, వహీద్. ఒక్కడు తిప్పిన అది మూలుగునే గాని కదలదు. పెండ్లిండ్లు కాకమునుపటి నుండి ఆ ఇద్దరు కలిసి తిప్పుచు, కలిసి తుమ్ముచు, సాయంకాలమునకు ఒకే పసుపు ముఖముతో ఇండ్లకు పోయెడివారు. ఎవరు ఎవరో వారి భార్యలకే దగ్గరకు వచ్చినగాని తెలిసెడిది కాదు.

అట్టి దినములలో డేరా టాకీసు యజమాని గంగాధర్ సేటు ఆ డ్రమ్ము వెనుక గోడకు కొత్త సినిమా బొమ్మ అంటించెను. అందు దుష్టపాత్ర ఒక దొంగ గురువు. వానికి గడ్డము కలదు. గడ్డము ఏ మతమునకైనను చెల్లును. భుజమున శాలువా కలదు. వారము తిరుగునప్పటికి అది పసుపు రంగున మెరయుచుండెను.

అంతట చాయ హోటలులో పత్రికాపఠనశూరులు లేచి, సినిమా చూడనివారే దానిని గూర్చి క్షుణ్ణముగా వ్రాసిన ఒక వారపత్రికను ఎలుగెత్తి చదివిరి. విన్నవారిలో హన్మాండ్లు ఒకడు. పిడి వదలి గర్జించెను.

“మా సాదువును దొంగోన్ని జేసిండ్రు! గీ బొమ్మ ఎట్లాడుతదో నేను జూస్త!”

సేటు బెదరి, తెల్లవారకమునుపే ఆ శాలువాకు ఆకుపచ్చ రంగు పూయించెను. వెంటనే హోటలులో రెండవ బల్ల మీద వేరొక పత్రిక లేచెను. అదియు సినిమా చూడలేదు. వహీద్ రెండవ పిడి వదలెను.

“ఇప్పుడు మా ఫకీర్ దొంగయిండా? వారెవ్వా! నేను గూడ జూస్త!”

డ్రమ్ము నిలిచెను. భీమ్‌గల్ నుండి బండెడు పసుపు తెచ్చిన ముసలి నీలవ్వ దాని ప్రక్కనే కూలబడెను. మెరుగు లేని కొమ్మును ఆ అంగడిలో ఎవడును చేత పట్టడు. ఇంతవరకు నాకు నవ్వే వచ్చినది గాని, శ్రోతలారా, ఆ సాయంకాలము మిత్రులిద్దరు శుభ్రమైన ముఖములతో వేరువేరు త్రోవల పోవుట చూచి ఆ నవ్వు మరచితిని.

శుక్రవారము మొదటి ఆటకు ఉభయసేనలు డేరాను ముట్టడించెను, జేబులనిండ కంకరరాళ్లతో, టికెట్లు మాత్రము కొనియే. ఎడమ ప్రక్క హన్మాండ్లు సేన, కుడి ప్రక్క వహీద్ సేన. నడుమ పల్లికాయ పొట్టు సరిహద్దు. యంత్రము గుర్రుమనెను. దొంగ గురువు తెరకెక్కెను. సమస్తనేత్రములు శాలువా మీద వాలెను.

శాలువా బూడిద రంగున నుండెను.

ఆకాశమును బూడిదయే, నాయిక చీరయు బూడిదయే. ఆ డేరాలో ఆడునవన్నియు నలుపు తెలుపు సినిమాలే యని ఊరంతటికి తెలియును. కోపములో ఎవరికిని జ్ఞప్తికి రాలేదు, ఏ పత్రికయు వ్రాయలేదు.

“గిదేంది సేటూ, రంగేది?” అని అరచెను హన్మాండ్లు.

“రంగు గోడమీదనే గదనే! తెరమీదుంటదని నేనెన్నడన్న జెప్పిన్నా?” అనెను సేటు.

ఏ రంగు మీద రాయి విసరవలెనో తెలియక, సేనలు చివరి పాట దాక కూర్చుండెను. కొందరు వీరులు ఏడ్చిరి, నాయిక చనిపోయినందుకు.

మరునాడు సేటు పాత బొమ్మ చించి కొత్తది అంటించెను. అందు శాలువా ఉతికిన పంచె వలె తెల్లగా నుండెను. మిత్రులిద్దరు డ్రమ్మునకు చెరియొక ప్రక్క వచ్చి నిలిచిరి. అసలు యుద్ధ మిప్పుడు: ముందు ఎవరు మాటాడవలెను? హన్మాండ్లు దగ్గును సంధించెను. వహీద్ ప్రతిదగ్గు ప్రయోగించెను. ఇరుపక్షముల గొంతులును ఎండెను గాని విజయలక్ష్మి ఎవరిని వరింపలేదు. అప్పుడు నీలవ్వ లేచెను.

“మీ గురువు శాలువ గంగల గలువ! నా పసుపు గిట్లనే ఉంటె ఏం మొహం బెట్కోని ఇంటికి పోవాలె కొడుకా? పట్టుండ్రి!”

“పిడి పట్టుతవా?” అనెను హన్మాండ్లు, గోడను చూచుచు.

“ముందుగాల ఇడిసింది నువ్వే గదనే. పట్టు,” అనెను వహీద్, నేలను చూచుచు.

డ్రమ్ము కదలెను! హరిద్రామేఘము లేచి, అంగడినెల్ల కప్పి, గోడమీద వాలెను. మధ్యాహ్నమునకు తెల్లని శాలువా పసుపు రంగున మెరయుచుండెను. ఇద్దరును దానిని చూచిరి. పిడులు ఆగినవి.

“వహీద్ భాయ్, వాన్ని సాదువును జేసింది మనమేనే,” అనెను హన్మాండ్లు, సిగ్గుపడి.

వహీద్ నవ్వబోయి తుమ్మెను. హన్మాండ్లును తుమ్మెను. పిమ్మట ఒకడు చినిగిన గోనెసంచి తెచ్చి, ఒకడు మేకులు గొట్టి, దొంగ గురువును నిలువెల్ల కప్పిరి. సేటు పరుగున వచ్చెను.

“అరె, బొమ్మ కనబడకుంటె ఆటకు ఎవలొస్తరయ్యా?”

“కనబడితెనే గద సేటూ లొల్లి!” అనెను వహీద్.

దిక్పాలకులారా, వినుడు! ఆర్మూరు రణరంగమున పత్రికలు ఓడినవి, గోనెసంచి గెలిచినది! ఆ సాయంకాలము వహీద్ ఇంటి తలుపు తట్టగా, ఆతని భార్య షహర్బానో తీసి, గడపలోని పసుపు ముఖమును తేరిపార చూచి, “ఎవలు? హన్మాండ్లన్ననా?” అని అడిగెను.

జయము! జయము!