చింతగింజల ఎలక్షన్

ఎండాకాలం సెలవులకు కూతురి పిల్లలు నలుగురూ అనంతపురం నుంచి దిగిన మరునాడే, ఈసారి తన మధ్యాహ్నపు కునుకు గోవిందా అని బయ్యన్నకు అర్థమైపోయింది. బయటికి వదిలితే వడదెబ్బ. ఇంట్లో ఉంచితే మిద్దె మన్ను సంగట్లో రాలేలా దుముకుతారు.

"ఏదన్నా ఆట పెట్టి కూచోబెట్టు. నేను సంగటి కెలకాల్నా, వీళ్ళ కొట్లాటలు తీర్చాల్నా?" అని భార్య లక్ష్మీదేవమ్మ పొద్దున్నే తెగేసి చెప్పింది.

ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ప్రెసిడెంటు పదవికి తిప్పన్న, నాగన్న పోటీ. అప్పట్లో పోటీలో ఉన్న ఒక్కొక్కరికి ఒక్కో ఓట్ల పెట్టె. అదే ఆటగా పెడదామనుకున్నాడు బయ్యన్న. నడవలో రెండు కుండలు పెట్టి, దోసెడు చింతగింజలు పోశాడు.

"ఇది తిప్పన్నది, అది నాగన్నది. ఎవరికేసేదీ చెప్పగూడదు. సద్దు చేయకుండా ఏసుకోండి" అని మంచం మీద వాలాడు.

నిజానికి బయ్యన్న ఏ పార్టీ వాడూ కాడు, కావడానికి వీల్లేదు. వానల్లేక సొంత బావి ఎండిపోయింది. అతని కాడెద్దులు తాగేది తిప్పన్న బావి నీళ్ళు, మేసేది నాగన్న వామిలోని జొన్నసొప్ప. ఇద్దరిలో ఏ ఒక్కడికి కోపమొచ్చినా ఎద్దులను సంతకు తోలాల్సిందే. అందుకే ఎవరేమడిగినా "చూస్తాంలేన్నా" అంటూ నెట్టుకొస్తున్నాడు.

అతను గుర్రు పెడుతుండగానే నాగన్న కుండ గెలిచింది. పిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకొని వీధంతా తిరిగారు. "నాగన్నకు జై! మా తాత ఇంటి ఓట్లు నాగన్నకే!"

సాయంత్రం ఎద్దులను తోలుకుపోతే తిప్పన్న బావి గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

"యాడికప్పా? నీళ్ళు గూడా ఆ నాగన్నే తాపుతాడు పో!"

"అన్నా, పిల్లోళ్ళు ఆడుకుంటాండారు!"

"ఇంట్లో ఇన్నదే వాళ్ళు ఈదిలో అనేది. మాకు తెలీదా?"

తిప్పన్నను అని లాభం లేదు. ఎన్నికల ముందు కుక్క మొరిగినా, మొరిగించింది ఏ పార్టీ అని ఆరా తీసే ఊరది.

నోళ్ళు తెరిచి నిలబడ్డ ఎద్దులను బయ్యన్న దప్పికతోనే ఇంటికి తోలుకొచ్చాడు. తెల్లారగానే మళ్ళీ కుండలు పెట్టించాడు.

"ఈ తూరి తిప్పన్న గెలవాల."

"అది దొంగ ఎలక్షన్ గదా తాతా?" అంది పెద్ద మనవరాలు నాగలక్ష్మి.

"తలా ఒక బెల్లంగడ్డ ఇస్తా."

తిప్పన్న అఖండంగా గెలిచాడు. మళ్ళీ ఊరేగింపు, మళ్ళీ జైజైలు. బావి దారి తెరుచుకుంది. మధ్యాహ్నానికల్లా నాగన్న వామి చుట్టూ ముళ్ళకంప పడింది.

"నిన్న మాపక్క, ఈ పొద్దు ఆపక్క! ఏం ఆశ పెట్టినాడప్పా నీకు?" అని నిలదీశాడు నాగన్న.

"ఆశ పెట్టింది నేనేన్నా, బెల్లంగడ్డ..." అనేసి బయ్యన్న నాలుక కరుచుకున్నాడు.

కథ విన్న లక్ష్మీదేవమ్మ నెత్తి కొట్టుకుంది. "వాళ్ళిద్దరి పేర్లూ వద్దు. మీ తాత పేరు పెట్టుకోని ఆడుకోండి, ఎవరికీ నొప్పి ఉండదు" అని మూడో కుండ తెచ్చి పెట్టింది. బెల్లం రుచి ఇంకా నోళ్ళలోనే ఉంది కాబట్టి గింజలన్నీ అందులోనే పడ్డాయి. "బయ్యన్న తాతకు జై!" అని ఊరు దద్దరిల్లింది.

దీపాలు పెట్టే వేళకు తిప్పన్న, నాగన్న ఇద్దరూ వచ్చి అతని అరుగు మీద చెరో చివర కూర్చున్నారు.

"నిలబడతాండానని ముందే చెప్పొచ్చు గదప్పా" అన్నాడు తిప్పన్న.

"అయ్యో, నేను నిలబడలేదన్నా!"

"నిలబడేవాళ్ళంతా ముందు అట్లే అంటారులే" అన్నాడు నాగన్న.

నాగన్న గెలవడం కంటే బయ్యన్న మేలని తిప్పన్న, తిప్పన్న గెలవడం కంటే బయ్యన్న మేలని నాగన్న అప్పటికే లెక్కేసుకున్నారు. మొత్తుకుంటున్నా వినకుండా చెరో రెక్కా పట్టుకొని తీసుకుపోయి మర్నాడే నామినేషన్ వేయించారు. ఇద్దరూ తప్పుకున్నారు. బయ్యన్న ఏకగ్రీవంగా ప్రెసిడెంటయ్యాడు. నీళ్ళూ సొప్పా అడక్కుండానే ఇంటికొస్తున్నాయి. వాటి వెనకే, ఒకడి మీద ఒకడు చాడీలు చెప్పుకుంటూ తిప్పన్న, నాగన్న వస్తున్నారు.

ఆ గోలలోనే నాగలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. "తాతా, ఎలక్షన్ ఆట అయిపోయింది గదా, ఇప్పుడు పెండ్లాట! నువ్వే పెండ్లికొడుకు. పెండ్లికూతుర్ని మేమే యాడన్నా ఎతుక్కోనొస్తాం!"

సెలవులింకా సగం మిగిలుండగానే, బయ్యన్న నలుగురినీ అనంతపురం బస్సెక్కించాడు.