దత్తాత్రేయులుగారి వంగని మోకాలు

మోకాలు వంగకపోవడం జబ్బని ఎవరన్నారండీ? అది యోగం! పెట్టి పుట్టినవాళ్లకు తప్ప పట్టని యోగం!

డాక్టర్లు ఒప్పుకోరు. వాళ్లకేం, వంగని కాళ్లను వంచితేనే కదా వాళ్ల ప్రాక్టీసు నడిచేది! మేము మాత్రం దత్తాత్రేయులుగారి కుడి మోకాలి చరిత్ర ఆమూలాగ్రం విచారించి మరీ ఈ మాట అంటున్నాం. కాదనేవాళ్లు ముందు పూర్తిగా చదివి, తరవాత తీరిగ్గా తిట్టుకోండి.

ముందు కాస్త శరీరశాస్త్రం. పైనుంచి తొడ ఎముక దిగుతుంది. కిందనుంచి ముంగాలి ఎముక లేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా మధ్యలో మెత్తటి మృదులాస్థి ఉంటుంది. ముందువైపు చిప్ప కాపలా కాస్తుంది. పక్కల రెండు పట్టీలు, లోపల కత్తెర వేసినట్టు మరో రెండు పట్టీలు ఈ సంసారాన్ని విడిపోకుండా పట్టి ఉంచుతాయి. తలుపు బందులాగ ఇది ఒక్క వైపుకే ముడుచుకుంటుంది.

అసలు వింత ఇంకోటుంది. కాలు పూర్తిగా చాపినప్పుడు చిట్టచివర మోకాలు చిటికెడు మెలి తిరిగి గొళ్లెం పడుతుంది. అందుకే మనం కిరసనాయిలు క్యూలో అంతంతసేపు నిలబడగలుగుతున్నాం. మళ్లీ ముడవాలంటే మోకాలి వెనక ఉన్న ఓ చిన్న కండరం ఆ గొళ్లెం తియ్యాలి. ఆ కండరం మెదడు మాట వింటుందని పుస్తకాల్లో రాశారు. శుద్ధ అబద్ధం! ఉద్యోగస్థుల్లో అది పైఅధికారి మాట వింటుంది.

దత్తాత్రేయులుగారి కండరం మరీ వినయం కలది. కొల్లేటి నడుమ కొంగలలంక అనే ఊళ్లో బడికి ఆయనే హెడ్మాస్టరు, ఆయనే అసిస్టెంటు, గంట కొట్టే ప్యూనూ ఆయనే. భార్య శ్యామల, కూతురూ తాడేపల్లిగూడెంలో మామగారింట్లో ఉండేవారు. ఏ పండక్కో పబ్బానికో ఆయన దోనె ఎక్కి, బస్సెక్కి, ఏలూరులో రైలెక్కి గుమ్మంలోకి చేరేసరికి, ఆ పిల్ల లోపలికి తిరిగి "అమ్మా, ఎవరో వచ్చారు" అని కేకేసేది. ఆ మాటకి ఆయన ప్రాణం ఉసూరుమనేది.

అంచేత గూడేనికి ట్రాన్స్‌ఫర్ కావాలి. ఆయన జీవితానికి కావలసింది అదొక్కటే. దానికోసం ఏటేటా ఏలూరులో ఓ ఆఫీసుకి వెళ్లేవారు. ఏ ఆఫీసో చెప్పం. మా మోకాళ్లు మాకు కావాలి! వెళ్లి, చెప్పులు గేటు దగ్గరే విడిచి, ఇన్‌స్పెక్టరు పట్టాభిరామయ్యగారి గది గుమ్మంలో రెండుగా వంగి నిలబడేవారు. ఆ ఇన్‌స్పెక్టరుగారు తలెత్తేవారు కాదు. ఎత్తితే మాత్రం ఏం కనపడుతుంది? వంగినవాడి వీపు! ఆ వీపుతోనే "చూద్దాం" అనేవారు. దత్తాత్రేయులుగారు ఆ చూద్దాం పట్టుకుని మళ్లీ కొల్లేరు చేరేవారు.

"అసలు అడిగారా, దణ్ణాలు పెట్టి వచ్చేశారా?" అనేది శ్యామల.

"అడిగానే. చూద్దామన్నారు."

"ఏం చూస్తారండీ, మీ బట్టతలా?"

ఇలా ఉండగా ఓ వానాకాలం ఆయన దోనె దిగుతూ, ఒక కాలు గట్టు మీదా ఒక కాలు దోనెలోనూ ఉంచి, దోనె నడిపే పోతురాజుకి పారిశుద్ధ్యం గురించి ఉపన్యాసం మొదలెట్టారు. పోతురాజు విన్నాడు కాని దోనె వినలేదు. అది పక్కకి జరిగింది. మోకాలు ఎటు వంగకూడదో సరిగ్గా అటు వంగింది. లోపల ఏదో పట్టీ చిటుక్కుమంది. పంతులుగారు "కెవ్వు" మన్నారు.

లంకలో బెణుకులకీ విరుగుళ్లకీ కట్టు కట్టేది నూకాలమ్మ. చేపలు పట్టే ఇంటి మనిషి. ఆవిడ గిన్నెలో మినప్పిండి పోసి, అందులో కోడిగుడ్డు సొన కలిపింది. దత్తాత్రేయులుగారు నొప్పి మరిచిపోయి లేవబోయారు.

"గుడ్డా! బ్రాహ్మణ్ణమ్మా నేను!"

"మీరు తినకండి పంతులుగారూ. మోకాలు తింటాది. అది ఎవరితోనూ చెప్పదండి" అంది నూకాలమ్మ. అంటూనే మోకాలికి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, గట్టిగా బిగించేసింది. "కట్టు దానంతట అదే వదులయ్యేదాకా ముట్టుకోకండి" అని ఆర్డరు వేసింది కూడాను. మర్నాటికి ఆ కాలు తొడ నుంచి చీలమండ దాకా ఎండి బిగుసుకుపోయింది. తడితే టకటకమంటోంది.

ఆ కాలుతోనే ఏలూరు బయల్దేరారు. బదిలీల రోజులు మరి! ఒకరి మోకాలి కోసం ఆగుతాయా? పంచె కట్టుకుంటే లోపలి కట్టు పైకి కనపడలేదు. ఆఫీసుకి చేరేసరికి ఇన్‌స్పెక్టరుగారు భోజనానికి వెళ్లారు. "లోపల నిలబడండి, వచ్చేస్తారు" అన్నాడు బంట్రోతు నరసరాజు. ఆయన కాసేపు నిలబడ్డారు. కాలు సలుపుతోంది. ఎదురుగా ఇన్‌స్పెక్టరుగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ లేరు కదా అని అందులో కూలబడ్డారు.

ఇక్కడే శరీరశాస్త్రం అడ్డు తగిలింది. మోకాలు వంగకుండా కుర్చీలో పడొచ్చు, లేవడం మాత్రం మానవమాత్రుడి వల్ల కాదు. అంతలో బయట బూట్ల చప్పుడైంది. గుమాస్తాలు లేచారు. నరసరాజు లేచాడు. టేబులు మీద కాగితాలు కూడా పంఖా గాలికి లేచాయి. దత్తాత్రేయులుగారొక్కరే లేవలేదు! పైగా ఆయన కుడికాలు బారుగా ముందుకి చాచి ఉంది. అయిదు వేళ్లూ ఇన్‌స్పెక్టరుగారి బొజ్జకేసి చూస్తున్నాయి.

పెద్దలకేసి కాళ్లు చాపడం ఎంత అపచారమో మీకు వేరే చెప్పాలా? నిద్రలో కూడా మనం దేవుడి గది వైపు కాళ్లు పెట్టం. అలాంటిది ఆఫీసరుకేసి, ఆఫీసులో, ఆఫీసరు కుర్చీలో కూర్చుని! పట్టాభిరామయ్యగారికి ముందు ముఖం ఎర్రబడింది. తరవాత పాలిపోయింది. ఆయన తెలివైన మనిషి. మామూలు పంతులికి ఇంత గుండె ఎక్కణ్ణుంచి వస్తుంది? కర్నూలు నుంచి! అప్పట్లో రాజధాని అదే. అక్కడ ఎవరో పెద్ద తలకాయ దన్ను లేకపోతే ఈ కాలు ఇలా చాచుకునేదేనా?

"తమరు... ఎవరి తాలూకండీ?" అన్నారు గొంతు తగ్గించి.

దత్తాత్రేయులుగారు చేత్తో కాలు చూపించారు. "అయ్యా, నా కాలు..."

"ఉండనివ్వండి, ఉండనివ్వండి! ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి! ఇంతకీ తమకేం కావాలి?"

"తాడేపల్లిగూడెమండీ."

ఊరు మొత్తం రాసిచ్చెయ్యమన్నా ఇచ్చేసేట్టున్నారు ఆ క్షణాన. తెప్పించిన కాఫీ చల్లారకముందే ఆర్డరు వచ్చేసింది. నరసరాజు ఓ పక్కా, హెడ్ గుమాస్తా ఓ పక్కా పట్టుకుని ఆయన్ని కుర్చీలోంచి లేపి, ఊరేగింపుగా తీసుకెళ్లి రిక్షాలో పెట్టారు. ఇన్నేళ్లు వంగితే రానిది, ఒక్కపూట వంగకపోతే వచ్చింది! ఇప్పుడు చెప్పండి, ఇది జబ్బా?

గూడెంలో ఆయన వైభోగం చూడాలి. హెడ్మాస్టరు తన కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చున్నారు. గణపవరం నుంచి పంతుళ్లు అరటిగెలలు మోసుకొచ్చి, "కర్నూల్లో మీవాళ్ల చెవిన మాదీ ఓ మాట వెయ్యండి" అని బతిమాలారు. ఎవరూ లేరంటే, "పెద్దవాళ్లు అలాగే అంటారులెండి" అని నవ్వారు. స్టాఫ్ రూములో మేష్టర్లందరూ కాళ్లు చాపడం ప్రాక్టీసు చెయ్యడంతో నడవడానికి దారి లేకపోయింది. ఇంట్లో కూతురు ఆ బిగిసిన కాలెక్కి గుర్రం ఆట ఆడేది. ఆ పిల్ల "నాన్నా, ఇంకోసారి" అంటుంటే ఆయనకి ఇక స్వర్గంతో పనేముందనిపించేది.

కాని సుఖం ఎన్నాళ్లుంటుందండీ? మోకాలు నయమైపోయింది! పాపం.

ఓ పొద్దున్న కట్టు వదులై ఊడిపోయింది. ఆయన భయపడుతూ కాలు ముడిచారు. శుభ్రంగా ముడుచుకుంది. భార్యాభర్తలు ముఖముఖాలు చూసుకున్నారు.

"ఏవండీ, నొప్పేం లేదు కదా?" అంది శ్యామల.

"లేదే."

"అయ్యో! సరే, ఇంట్లో ఎంతైనా వంగండి. గడప దాటారంటే మాత్రం కాలు కర్రలా ఉండాలి. పిల్ల మిమ్మల్ని విడిచి ఉండదింక."

ఆయన అలాగే చేశారు. బజార్లో కాలు ఈడ్చారు, బళ్లో కాలు చాచారు. ఇలా బండి నడుస్తుండగా పట్టాభిరామయ్యగారు ఇన్‌స్పెక్షనుకి ఊడిపడ్డారు. దత్తాత్రేయులుగారు క్లాసులో కుర్చీకి అంటుకుపోయి, కాలు బారుగా చాచి, చెమటలు కక్కుతున్నారు. వెనకాల కండరం గొళ్లెం తీస్తానని గోల పెడుతోంది. ఆయన పళ్లబిగువున ఆపుతున్నారు.

ఇన్‌స్పెక్టరుగారు పిల్లల్ని బయటికి పంపించేశారు. తలుపు వేశారు. వేసి, ఏం చేశారనుకున్నారు? వంగారు!

"నన్ను మన్యానికి వేస్తున్నారటండీ. అక్కడన్నీ చలిజ్వరాలు. పెద్దదానికి పెళ్లీడొచ్చింది. కర్నూల్లో తమవాళ్లతో ఒక్క మాట..." అంటూ, చాచి ఉన్న ఆ పాదం పట్టుకున్నారు.

వయసులో పెద్దవాడు, కంటనీరు పెట్టుకుని కాళ్లు పట్టుకుంటే ఎవరికి మాత్రం మనసు నిలుస్తుంది? పైగా ఆఫీసరు! "అయ్యయ్యో, తప్పండీ, తప్పండీ" అంటూ దత్తాత్రేయులుగారు ఒక్క ఉదుటున లేచారు. మోకాలు ముడిచారు. ఇన్‌స్పెక్టరుగారి కాళ్ల మీద పడబోయారు. మధ్యదారిలో రెండు తలలూ ఠపీమని కొట్టుకున్నాయి. ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు.

పట్టాభిరామయ్యగారు నుదురు రుద్దుకుంటూ ఆ మోకాలికేసి చూశారు. నిక్షేపంలా ముడుచుకుని ఉంది.

"వంగుతుందా?"

"నయమైందండీ. లంకలో కట్టు కట్టారు."

"అయితే కర్నూల్లో మీకెవరూ...?"

"మా అత్తగారి తమ్ముడుండేవారండీ, హోటల్లో వంట. కిందటేడు పోయారు."

ఇన్‌స్పెక్టరుగారు మెల్లిగా లేచారు. కోటు దులుపుకున్నారు. ఆయన మోకాళ్లు రెండూ పూర్తిగా నిటారై నిలిచాయి. "కొంగలలంక" అన్నారు. ఆనాటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మొత్తం అంతే.

పిల్ల స్టేషన్లో పంచె పట్టుకుని వదల్లేదు. ఆ చిన్నవేళ్లను శ్యామల ఒక్కొక్కటే విప్పింది. దత్తాత్రేయులుగారు రైలెక్కి, బస్సెక్కి, దోనె ఎక్కి లంకలో దిగారు. గట్టు మీద వలలు ఆరేస్తున్న నూకాలమ్మ ఆయన్ని చూసి గబగబా వచ్చింది. ఎందుకు పంపించేశారని అడగలేదు. ఎవరి తాలూకని అడగలేదు.

"నొప్పి తగ్గిందాండి పంతులుగారూ?" అంది.

ఏలూరులో ఏడవని మనిషి, గూడెంలో ఏడవని మనిషి, అక్కడ ఆ బురద గట్టు మీద కూలబడి భోరుమన్నారు.

చూశారా పాఠకులారా, లంకవాళ్ల అజ్ఞానం! ఏలూరు ఆ మోకాలిని చూసింది, గూడెం చూసింది, గణపవరం చూసింది. చదువుకున్నవాళ్లందరూ అందులో పదవిని చూశారు, పలుకుబడిని చూశారు, కళ్లు చిట్లించుకుని కర్నూలు దాకా చూశారు. వీళ్లు మాత్రం మోకాలిని చూసి మోకాలనుకుంటున్నారు! ఇలాంటి జనానికి బళ్లు పెట్టి ఏం లాభమండీ?