రికార్డు ప్రకారం ఎనిమిదడుగుల నాలుగంగుళాలు

బాస్కెట్‌బాల్ సంఘం వారి రికార్డు ప్రకారం నిట్రాట ఎత్తు ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. అతని అక్క లెక్క ప్రకారం ఆరడుగుల నాలుగంగుళాలు. అక్క దర్జీ. చిన్నప్పటి నుంచీ తమ్ముడి లాగులన్నీ తనే కుట్టింది కాబట్టి అతని కాలెంతో, నడుమెంతో ఆమెకు టేపు లేకుండానే తెలుసు. అయితే సంఘం వారి లెక్క కింద సంతకం ఉంది, దాని మీద గుండ్రటి ముద్ర ఉంది. అక్క లెక్కకు అవేమీ లేవు. ఈ రెండింటిలో ఏది నిజమో చదువుకున్నవాళ్లు, మీకు వేరే చెప్పాలా?

సంఘాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. ఆఫీసు గదిలో కొలతలకు పనికొచ్చే గోడ ఒక్కటే. దాని నిండా మాజీ అధ్యక్షుల ఫొటోలు, నడుమెత్తు నుంచి ఏడడుగుల దాకా, వరసగా. పెద్దల మొహాల మీద పెన్సిలు గీతలు గీస్తే ఏం బాగుంటుంది? అందుకని ఆటగాణ్ణి గోడకు ఆనించి, చెయ్యెత్తించి, వేలి కొస తగిలిన చోట, అంటే ఫొటోల పైన, గీత గీస్తారు. దాన్నే ఎత్తు అని రాసుకుంటారు. ఇరవయ్యేళ్లుగా అంతే. ఆ సంఘంలో ఏడున్నర అడుగుల కంటే పొట్టివాడు లేడు. అందరికీ ఒకేలా జరిగింది గనక దాన్ని పొరపాటు అనరు, పద్ధతి అంటారు.

ఆ కాగితం విదేశంలో పేరుమోసిన ఒక క్లబ్బు ప్రెసిడెంటు కంటపడింది. ఆయన ఆట చూడలేదు, కాగితం చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. నిట్రాట మైదానం మూల నుంచి యాభై బంతులు వేస్తే నలభై ఆరు వలలో పడతాయి. ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు, ఎవరూ అడగనూ లేదు.

అతను విమానం దిగేలోపే ఆ ఊళ్లో ఏర్పాట్లన్నీ అయిపోయాయి. తొమ్మిదడుగుల మంచం చేయించారు. బట్టలు మార్చుకునే గదికి ద్వారబంధం పగలగొట్టి ఎత్తు పెంచారు. "ప్రపంచంలోకెల్లా పొడగరి మనవాడే" అని వీధివీధినా పోస్టర్లు వేశారు. విమానాశ్రయంలో ప్రెసిడెంటు గారు పూలగుత్తి పట్టుకుని, ముందు పైకి చూశారు. అక్కడెవరూ లేరు. తర్వాత మెల్లగా కిందికి చూశారు.

"ప్రయాణ బడలిక అయ్యుంటుంది," అన్నారు పక్కవాళ్లతో. "రాత్రి సుబ్బరంగా పడుకుంటే సర్దుకుంటుంది."

పొద్దున్న లేచాక కూడా సర్దుకోలేదు. వెంటనే కార్యవర్గం సమావేశమైంది. పోస్టర్లు వెనక్కి తీసుకోవడమా, ఆటగాణ్ణి వెనక్కి పంపడమా అని మూడు గంటలు తర్జనభర్జన పడి, రెండూ పరువు తక్కువే అని తేల్చారు. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించిందేమిటంటే, సదరు ఆటగాడి ఎత్తు కాగితంలో ఉన్నంతే. అయితే అతను జనం ఎదుట నిలబడరాదు. కూర్చున్న మనిషి ఎత్తు ఎవడు కొలవొచ్చాడు?

ఆ విధంగా నిట్రాట విదేశీ క్రీడా జీవితం మొదలైంది. జనం రాకముందే అతన్ని తెచ్చి మైదానం పక్కన అదనపు ఆటగాళ్ల బల్ల మీద కూర్చోబెట్టేవారు. కింద నాలుగు దిండ్లు. జనం వెళ్లాక లేపేవారు. నలభై నిమిషాల ఆటలో అతను నలభై నిమిషాలూ కూర్చునేవాడు. దానికే చప్పట్లు మోగిపోయేవి. అవతలి జట్లు అతన్ని చూసి బెదిరిపోయి, "ఇప్పుడే లేస్తాడు, ఇప్పుడే లేస్తాడు" అనుకుంటూ బంతులు జారవిడిచేవి. కూర్చుని రెండు సీజన్లలో పదకొండు మ్యాచ్‌లు గెలిపించాడని పత్రికలు రాశాయి. మంచాల కంపెనీవాళ్లు ప్రకటనకు పిలిచారు, పడుకునే ఫొటో దిగాడు. బళ్లో పిల్లలకు ఉపన్యాసమిచ్చాడు, అదీ కూర్చునే. "కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చు" అన్న ముక్క ప్రెసిడెంటు గారు రాసిచ్చిందే.

ఇక్కడ మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? కొలిచి ముద్ర వేసిన సంఘం కార్యదర్శికి సన్మానం చేశారు. నిట్రాట ఎప్పుడొచ్చినా తల తగలకుండా వీధి మొదట్లో పదడుగుల స్వాగత ద్వారం కట్టారు.

అక్క మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"ఆడావురా?"

"కూర్చున్నానక్కా."

"మొన్న కూడా కూర్చున్నావుగా?"

"ఇక్కడ నా ఉద్యోగమే అది."

"మరి రోజూ పొద్దున్నే లేచి ఆ బంతులెయ్యడం ఎందుకురా, చేతులు నొప్పి తప్ప?"

"నాకేం అక్కర్లేదక్కా. ఈ మంచం వద్దు, పోస్టర్లు వద్దు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జనం చూస్తుండగా నా బంతి వలలో పడాలి. నువ్వు కుట్టిన లాగూతో."

అక్క దారం తెగిందని ఏదో సాకు చెప్పి ఫోన్ పెట్టేసింది.

రెండో సీజన్ ఆఖరి మ్యాచ్. గెలిస్తే కప్పు. ఆట చివరికొచ్చేసరికి ఇద్దరికి కాళ్లు బెణికాయి, అయిదేసి ఫౌళ్లు చేసి అయిదుగురు బయటికొచ్చేశారు. మైదానంలో నలుగురే మిగిలారు. ఒక్క పాయింటు వెనక. ఎనిమిది సెకన్లుంది. కోచ్ బల్ల వైపు చూశాడు. బల్ల మీద నిట్రాట తప్ప నరమానవుడు లేడు. ప్రెసిడెంటు గారు పై వరస నుంచి రెండు చేతులూ ఊపుతూ "వద్దు, వద్దు" అంటున్నారు. కోచ్ మహానుభావుడు, పైకి చూడలేదు. "లే!" అన్నాడు.

నిట్రాట లేచాడు.

ముందు హాలంతా హోరెత్తింది. తర్వాత ఆ హోరు మెల్లగా సన్నగిల్లింది. అతను వెళ్లి నిలబడింది అవతలి జట్టులో ఓ మోస్తరు ఎత్తున్నవాడి పక్కన. ఆ మోస్తరువాడే ఇతనికంటే అంగుళం పైన ఉన్నాడు.

"అదేంటి, కూర్చున్నప్పుడే పొడుగ్గా ఉన్నాడు!" అని ముందు వరసలో ఒకావిడ అరిచింది.

సరిగ్గా అప్పుడే బంతి మూలకొచ్చింది, అతని చేతికి. నిట్రాట బంతి ఎత్తాడు, వదిలాడు. తొమ్మిది వేల మంది అతని నడినెత్తి వంకే చూస్తున్నారు. కెమెరాలూ అక్కడే. మర్నాడు పత్రికల్లో పడ్డ ఫొటోలో అతని తల దగ్గరొక బాణం, పాదాల దగ్గరొక బాణం ఉన్నాయి, బంతి లేదు. పైన పెద్ద అక్షరాలు: "మా రెండడుగులేవీ?"

క్లబ్బువారు ఆలస్యం చేయలేదు. అనుమతి లేకుండా నిలబడి సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించాడన్న అభియోగం మీద ఉద్యోగం తీసేసి, ఆ సాయంత్రమే విమానమెక్కించారు.

ఇక్కడ స్వాగత ద్వారం దగ్గర సభ. ద్వారానికీ అతనికీ మధ్య మూడున్నర అడుగుల పైచిలుకు ఖాళీ అందరికీ స్పష్టంగా కనిపించింది. జనంలో ఎక్కడో వెనక, మెళ్లో టేపుతో, అక్క నిక్కి నిక్కి చూస్తోంది. కార్యదర్శి గారు మైకందుకున్నారు.

"సోదరులారా! మనవాడు ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. రికార్డుంది! తిరిగొచ్చింది ఆరడుగుల నాలుగు. రెండేళ్లకి రెండడుగులు! బంగారంలాంటి బిడ్డని పంపిస్తే ఇలా అరగదీసి పంపుతారా? ఊరుకుందామా?"

"ఊరుకోం!" అన్నారు జనం.

పోయిన రెండడుగుల ఆచూకీ తీయడానికి అయిదుగురితో కమిటీ వేశారు. వాళ్లు విదేశం వెళ్లడానికి ముందు మళ్లీ ఒకసారి అధికారికంగా కొలవాలన్నారు. ఊరేగింపుగా ఆఫీసుకు తీసుకెళ్లి, అదే గోడకు ఆనించి, చెయ్యెత్తమన్నారు. గీత గీశారు. ఎనిమిదడుగుల నాలుగంగుళాలు! ఒక వెంట్రుక వాసి కూడా తేడా లేదు. కార్యదర్శి గారి కళ్లు చెమ్మగిల్లాయి. "చూశారా! దిగిన పూటకే కోలుకున్నాడు. మన గాలి, మన నీళ్లు!" అని డగ్గుత్తికతో అన్నారు. కమిటీ మాత్రం రద్దు కాలేదు. టిక్కెట్లు అప్పటికే తీసేశారు.

జనం సర్దుమణిగాక నిట్రాట ఇల్లు చేరాడు. విలేఖరులు అడిగినవీ, అధికారులు అడిగినవీ, వీధివాళ్లు అడిగినవీ అన్నీ కలిపి రెండు రోజుల్లో మూడొందల ప్రశ్నలకు జవాబు చెప్పి ఉంటాడు. అన్నీ ఎత్తు గురించే. అక్క మిషను దగ్గర కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అతని మొహంలోకి చూసింది.

"అది సరేగానీ, ఆ బంతి పడిందా?"

నిట్రాట గ్లాసు కింద పెట్టాడు.

"పడిందక్కా. ఇనప చట్రానికి తగలనేలేదు. వల మాత్రం కదిలింది. అంత దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు కదా, రెండు పాయింట్ల తేడాతో గెలిచాం. కప్పు వాళ్ల బీరువాలోనే ఉంది."

"నా తండ్రే!" అని తల మీద చెయ్యేసి నిమిరింది. ఆ తల ఆమెకు బాగా అందే ఎత్తులోనే ఉంది.

ఆమె సరే, ఒక్కతయినా అడిగింది. బంతి గాల్లో ఉండగా వదిలేసి తమరు కూడా సభ దాకా, గోడ దాకా, కమిటీ దాకా మా వెంట హాయిగా నడిచొచ్చారు కదా. దారిలో ఒక్కసారైనా అడిగారా?