గుసగుసల బేర సంగ్రామము

వినుడు, వినుడు! వెనుక వరుసవారు ముందు వరుసవారి భుజముల మీదుగానైనను వినుడు! వారమునకొక్క పర్యాయము మాత్రమే విచ్చేయు ఆదివారమను మహాప్రభువు నగరముపై కొలువుదీరియుండగా, బస్సులు బద్ధకించుచుండగా, ప్రభాతభానుకిరణములు పాత కార్ల నెత్తిన పడి, కొత్తగా పూసిన రంగులను తళతళలాడించి, ఆ రంగుల కింది సొట్టలను దయతో దాచుచుండగా, ఊరి చివర ఇనుపకంచె నడుమ వెలసిన సెకండ్ హ్యాండ్ కార్ల మైదానమున అడుగిడిన వీరుడెవ్వడు? పుస్తకధూళిధూసరితగాత్రుడు, నిశ్శబ్దపరిరక్షణదీక్షాదక్షుడు, చూపుడువేలొక్కటి పెదవులకు ఆనించి నిండుసభను నోరు మూయించగల ధీరుడు, మన గ్రంథపాలకుడు!

అంతటి వీరునికి ఒకే ఒక్క లోపము. బేరమాడుట రాదు. ఎదుటివాడు కాస్త గొంతు పెంచినచో ఇతని గొంతు తడారిపోవును. వంకాయలు కొనబోయి, అమ్మువాడు కసిరినందుకు, అడగని గుమ్మడికాయను కూడ మోసుకొచ్చిన ఘనచరిత్ర ఇతనిది.

వీరుని వెనుక ఇల్లాలు నడచుచుండెను. ఆమె కళ్లద్దాల దుకాణమున చూపు పరీక్షించు ఉద్యోగిని. ఆమె కంటబడకుండ చీమ కూడ గడప దాటజాలదు. ఆమె భుజముపై వారి కూతురు, నిద్రాద్వేషిణి, ఆర్నెల్ల చంటిది. జోల పాడినను, ఊపినను, ఎత్తుకొని ఇల్లంతయు తిరిగినను కన్ను మూయని ఆ పిల్ల వలన దంపతులిద్దరి కళ్లు చింతనిప్పులై యుండెను. పైగా వచ్చే సోమవారముతో ఇల్లాలి సెలవు చెల్లిపోవును. పిల్లను దిగవిడువవలసిన శిశుసంరక్షణాలయము ఊరికి ఆ కొసన, ఆమె దుకాణము ఈ కొసన. చంటిదాని తోపుడుబండిని దూరమునుండి చూచిన మాత్రముననే బస్సులు ఆగకుండ పోవుచుండెను. కావున కారు కావలెను.

మూడవవాడు బావమరిది. తనకు మోటారుసైకిలు కలదు కనుక కార్ల గుట్టు కూడ తెలియునని అతని నమ్మకము. కనబడిన ప్రతి టైరును కాలితో తన్ని "ఊఁ" అనును. ఆ "ఊఁ"కు అర్థమేమో టైరుకు తెలియదు, అతనికీ తెలియదు. అతని చేతిలో ఫోను, ఆ ఫోనుకు అవతల, పిలుపుకై కాచుకొన్న మామగారు.

మామగారు మంచివారే, చిక్కంతయు అక్కడనే యున్నది. పెళ్లైన కొత్తలో ముచ్చటపడి ఒక ఫ్రిజ్ కొనిచ్చిరి. నాటినుండి ఎప్పుడు వచ్చినను, మంచినీళ్లైన ముట్టక ముందే వంటగదికి పోయి దాని తలుపు తెరచి "నా ఫ్రిజ్ ఎలా ఉంది అల్లుడూ?" అని పరామర్శింతురు. ఇప్పుడు "కారుకి తక్కువపడితే చెప్పండి, మిగతాది నేనేస్తా" అని కబురంపిరి. ఆ "మిగతాది" పుచ్చుకొన్న మరుక్షణము ఆ కారు యావజ్జీవము మామగారిది, అల్లుడు దానికి డ్రైవరు.

"ఓ నా పొదుపు ఖాతా!" అని వీరుడు మనసులో ఆక్రోశించెను. "మానిన టీలతోను, వాయిదా వేసిన చెప్పులతోను కూడబెట్టిన నా స్వల్పసైన్యమా! నీ హద్దు దాటి ఒక్క అడుగు వేసితినా, నా పరువు మామగారి ఫ్రిజ్‌లో గడ్డకట్టుగాక!"

అంతలో మైదానము దద్దరిల్లెను. "రండి సార్ రండి! రండమ్మా!" అనుచు ప్రత్యక్షమైనవాడు ఆ కార్ల వర్తకుడు. అసలు పేరు ఎవరికిని గుర్తులేదు, మైకన్న యనియే పిలుతురు. అతడు రహస్యము చెప్పినను పక్క వీధికి వినబడును. ఎర్ర కారొకదానిపై అరచేయి చరచి మైకన్న ఇట్లు గర్జించెను:

"ఇది కారనుకున్నారా సార్? ఇంటికి పెద్దకొడుకు! ఓ డాక్టరుగారు వారానికోసారి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టేవారు! అమ్మేటప్పుడు ఆయన ఏడ్చారు, నేనూ ఏడ్చాను!"

వీరుడు అప్పుడే తలాడింపసాగెను. ఇల్లాలు తలుపు దగ్గర వంగి చూచి, "బండంతా ఎరుపే, ఈ తలుపు మాత్రం ఇంకాస్త ఎరుపు. ఎక్కడ గుద్దారండీ?" అనెను. మైకన్న వినబడనట్లు పక్క కారునకు నడిచెను. ఆమె దాని సీటు కింద చేయి పెట్టి, పిడికెడు ఒండ్రుమట్టి తీసి చూపి, "ఇది వరదలో ఈదినట్టుంది" అనెను. బావమరిది దాని టైరును తన్ని "ఊఁ" అనెను.

అప్పుడు కనబడినది బూడిదరంగు చిన్న కారు. సొట్ట ఒకటి కలదు, కాని దాచుకొనలేదు. రంగు వెలిసినది, కాని అంతటను ఒకే తీరున వెలిసినది. ఇల్లాలు బానెట్ ఎత్తించి, నూనె మరకలకై వెదకి, దొరకక, పిల్లతో వెనుక సీటున కూర్చుండి "స్టార్ట్ చెయ్యండి" అనెను. వీరుడు తాళము తిప్పెను. ఇంజిన్ గుర్రుమనెను. ఆ గుర్రులో ఏ మహామంత్రము దాగియుండెనో గాని, చంటిది ఒక్కసారి ఆవులించెను, రెండు రెప్పలు వాల్చెను, నిద్రపోయెను!

తల్లిదండ్రులు ఊపిరి బిగబట్టిరి. ఇల్లాలి కళ్లలో నీళ్లు తిరిగెను. ఈ కారు తప్ప ఈ భూమండలమున వేరొక కారు లేదని ఆ క్షణముననే తేలిపోయెను.

మైకన్న కారు కిటికీ వద్దకు వచ్చి, ఛాతీ ఉబ్బించి, బేరమునకు నోరు తెరచెను. అంతట మన వీరుడు, ఏండ్ల తరబడి పఠనమందిరమున చేసిచేసి అలవాటైన పని యగుటచే, ఆలోచింపకయే చూపుడువేలు పెదవులకు ఆనించి "ష్" అనెను.

ఆహా, ఏమని చెప్పుదు! ఆ "ష్" తగిలిన మైకన్న గొంతు గాలి తీసిన టైరువలె కుంగిపోయెను.

"సార్," అని ధర చెప్పి గుసగుసలాడెను, "నాకే అంతకు పడింది సార్. ఒట్టు."

గట్టిగా అరచినప్పుడు నిజమువలె మ్రోగు మాట, చెవిలో చెప్పినప్పుడు పచ్చి అబద్ధమై తేలిపోవును. ఆ సంగతి మైకన్నకే ముందు తెలిసెను, చెవులు ఎర్రబడెను. అతడు చెప్పిన ధర కొండ, వీరుని చేతనున్నది గులకరాయి. కాని గుసగుసల రాజ్యము వీరుని పుట్టినిల్లు. పుస్తకము చించి పేచీకి దిగిన మహామహుల చేత గొంతు పెంచకయే జరిమానా కట్టించినవాడు కదా!

"నా దగ్గర ఇంతే ఉందండీ," అని అతడు మెల్లగా తన అంకె చెప్పి ఊరకుండెను.

"అంతకైతే నా చొక్కా కూడా అమ్ముకోవాలి సార్."

వీరుడు పలుకలేదు. వెనుక సీటునుండి ఇల్లాలు పగిలిన వెనుక దీపమువైపు కనుబొమ్మ ఎగురవేసెను. అరిగిన టైరువైపు గడ్డము చూపెను. బావమరిది కిటికీలో తల దూర్చి, "బావా, నాన్నకి ఫోన్ చెయ్యనా?" అని గొణిగెను.

"వద్దు."

"కొంచెమేగా బావా తేడా."

"వద్దన్నానా!"

మరల మౌనము. మౌనము గ్రంథపాలకునికి అన్నము, మైకన్నకు దురద. అతడు చొక్కా గుండీ తిప్పెను, దగ్గబోయి చంటిదానిని చూచి మింగుకొనెను. తుదకు తాళజాలక, "సరే, ఓ అయిదు వేలు తగ్గించుకోండి" అనెను. వీరుడు మాటాడలేదు. "పోనీ, దీపం నేనే వేయిస్తా." మాటాడలేదు. "ఏదో ఒకటి అనండి సార్, మీకు దండం పెడతా!" వీరుడు జాలిపడి చిరునవ్వు నవ్వెను, అంతియే. ఇట్లు తన మాటకు తానే ఎదురుమాట చెప్పుకొనుచు, మెట్టుమెట్టుగా కొండ దిగివచ్చి, గులకరాయి పక్కన చతికిలబడి, మైకన్న చేయి చాచెను. వీరుడు ఆ చేతిని పట్టుకొనెను.

సరిగ్గా అప్పుడే బావమరిది ఫోను, పెండ్లి బ్యాండువలె, మ్రోగెను! చంటిది ఉలిక్కిపడి లేచి కెవ్వుమనెను. మైకన్నకు పోయిన గొంతు తిరిగివచ్చి, "అయ్యో, ఎంతకి ఒప్పేసుకున్నాను రా దేవుడా!" అని మైదానము ప్రతిధ్వనించునట్లు రోదించెను. కాని మాట ఇచ్చిన చేయి వీరుని చేతిలోనే యుండెను.

ఫోనులో మామగారు: "ఏం అల్లుడూ, ఎంత తక్కువపడింది?"

వీరుడు లేచి నిలువబోయి, కారు కప్పునకు తల తగిలి, మరల కూర్చుండి, కూతురి ఏడుపును, మైకన్న రోదనమును మించి, జన్మమున ఎన్నడును ఎత్తని గొంతుతో పలికెను: "ఏమీ తక్కువపడలేదు మామయ్యా! మా డబ్బుతోనే కొనేశాం!"

పిదప మామగారు, ఎన్నడును లేనంత మెత్తగా, "అయితే నీ కారు ఎప్పుడు చూపిస్తావు?" అనిరి.

"నీ కారు" అనిరి! ఇల్లాలు ఏడ్చు పిల్లను ఊపుచునే పకపక నవ్వెను, బావమరిది కూడ నవ్వెను. కొత్తగా దొరికిన కంఠము మత్తెక్కించగా, వీరుడు మైకన్నవైపు తిరిగి, "కాళ్ల కింద మ్యాట్లు కూడా వేసివ్వాలి!" అని గర్జించెను. చంటిది సైతము జడిసి ఏడుపు ఆపెను. మైకన్న మారుమాటాడక పోయి మ్యాట్లు తెచ్చెను. వానిలో ఒకటి వేరే కారుదైనను, ఎవరును పట్టించుకొనలేదు.

ఇట్లు గ్రంథపాలకమహావీరుడు ఒక బూడిదరంగు కారును, నాలుగు రబ్బరు మ్యాట్లను సాధించి, రెండవ గేరులోనే ఇల్లు చేరెను. ఈ గాథను నవ్వుచు విన్నవారికి తొలి కారు దొరుకుగాక! నవ్వనివారికి కారు దొరుకును గాని, మ్యాట్ల ధర వేరుగా పడుగాక!